కొమ్ముల రంగు, కోడె పళ్లు



శనివారం పొద్దున పెబ్బేరు సంతకు పోయినవాళ్లకు నేను చెప్పబోయే దృశ్యం కొత్త కాదు. హైదరాబాదు నుంచి కర్నూలు పోయే 44వ నంబరు జాతీయ రహదారి పక్కన తెల్లవారేసరికే ఎడ్లు, ఆవులు, గొర్రెలు దిగుతాయి. కృష్ణ అవతల గద్వాల వైపు నుంచి, ఇటు వనపర్తి, నాగర్‌కర్నూల్ ఊళ్ల నుంచి రైతులు వస్తారు. అమ్మేవాళ్లు ఎడ్లను శుభ్రంగా కడిగి, కొమ్ములు చెక్కి, వాటికి రంగు పూసి, మెడలో మువ్వలు కట్టి నిలబెడతారు. చూడముచ్చటగా ఉంటాయి.

కానీ కొనేవాడు ఏం చేస్తాడు? రంగు పూసిన కొమ్ముల దగ్గర ఆగడు. నేరుగా మూతి పట్టుకుని, కింది పెదవి కిందికి దించి, పళ్లు లెక్కపెడతాడు. రెండు పళ్లా, నాలుగు పళ్లా, ఆరు పళ్లా? ఆ తర్వాత నాలుగు అడుగులు నడిపించి చూస్తాడు. సుడులు చూస్తాడు. గిట్టలు చూస్తాడు. అప్పుడే బేరం.

చాలా ఏళ్ల కింద, నేను కాలేజీలో రసాయన శాస్త్రం చెబుతున్న రోజుల్లో, ఆ సంతలో ఒక పెద్దాయన నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "కొమ్ములు జూసి కొంటే కొంప మునుగుతది సారూ. నోరు తెరిచి జూడాలె."

ఆ మాట విన్న కాసేపటికే అదే పెద్దాయన సంత చివర మనవడికి గులాబీ రంగు పీచు మిఠాయి కొనిచ్చాడు. దాని నోరు మాత్రం తెరిచి చూడలేదు. చూడాలని ఆయనకు తట్టలేదు, పక్కనే ఉన్న నాకూ తట్టలేదు. ఈరోజు నేను మాట్లాడదలుచుకున్నది దాని గురించే. ఆహారంలో కలిపే రసాయనాల గురించి, వాటి చుట్టూ మనకున్న భయాల గురించి.

ఇవాళ ఏ ఇంట్లో చూసినా ఫోనులో ఒక సందేశం తిరుగుతూ ఉంటుంది. ఫలానా నంబరు ఉన్న పొట్లం కొనకండి, అందులో క్యాన్సర్ ఉంది, పదిమందికి పంపండి అని. ఇలాంటి వాటికి ముత్తాత లాంటి కథ ఒకటుంది. 1976 ప్రాంతంలో ఫ్రాన్సు దేశంలో ఒక కరపత్రం బయలుదేరింది. ఆహారంలో కలిపే పదార్థాల నంబర్లు వేసి, ఇవి విషం, ఇవి అనుమానం అని జాబితా ఇచ్చారు. కింద విల్‌జ్విఫ్ అనే ఊళ్లోని పెద్ద క్యాన్సర్ ఆస్పత్రి పేరు. ఆస్పత్రివాళ్లు ఆ కాగితంతో మాకు సంబంధం లేదని మొత్తుకున్నారు. అయినా అది ఆగలేదు. బళ్లలో పంచారు, డాక్టర్ల గదుల్లో అంటించారు, దేశాలు దాటి పోయింది. ఆ జాబితాలో అన్నిటికన్నా ప్రమాదకరమని రాసిన నంబరు ఏదో తెలుసా? 330.

330 అంటే సిట్రిక్ ఆమ్లం. నిమ్మకాయలో పులుపు. మన ఇంట్లో పులిహోరకు పిండుకునే నిమ్మకాయలోనే అది దండిగా ఉంది. మన శరీరంలో దాదాపు ప్రతి కణమూ ప్రతి క్షణమూ దాన్ని తయారు చేసుకుంటూనే ఉంటుంది. ఆ క్రమాన్ని కనిపెట్టిన శాస్త్రవేత్త పేరు మీద దాన్ని క్రెబ్స్ చక్రం అంటారు. జర్మన్ భాషలో క్రెబ్స్ అంటే పీత, క్యాన్సర్ అని కూడా అర్థం. ఈ పేరు పోలిక నుంచే పొరపాటు పుట్టి ఉంటుందని చాలామంది ఊహ. పుట్టుక ఎలాగున్నా, నిమ్మకాయ పులుపును చూసి లక్షల ఇళ్లు వణికిపోయాయి.

ఇంతకీ ఈ నంబర్లు ఏమిటి? ఒక పదార్థానికి ఒక్కో దేశంలో ఒక్కో పేరు ఉంటుంది కాబట్టి అందరికీ అర్థమయ్యేలా అంతర్జాతీయంగా ఇచ్చిన గుర్తులు. అంతకు మించి ఏమీ లేదు. నంబరు ఉందంటే అది విషమనీ కాదు, అమృతమనీ కాదు. దాన్ని గుర్తించి పట్టికలోకి ఎక్కించారని మాత్రమే అర్థం. 300 అంటే విటమిన్ సి. 500 అంటే మన వంటసోడా జాతి. 100 అంటే ఏమిటో చెప్తే ఆశ్చర్యపోతారు. అది కర్‌క్యుమిన్. పసుపులోని పసుపుదనం. గడపకు పూసుకునే పసుపుకూ ఆ పట్టికలో ఒక నంబరు ఉంది.

పేరు భయపెట్టినంత మాత్రాన పదార్థం భయంకరం కాదని చెప్పడానికి దూరం పోనక్కరలేదు. 2017 జూన్ నెల గుర్తు చేసుకోండి. ప్లాస్టిక్ బియ్యం అమ్ముతున్నారని హైదరాబాదులో పెద్ద గగ్గోలు పుట్టింది. అన్నం ముద్ద చేసి నేలకేసి కొడితే బంతిలా ఎగురుతున్న వీడియోలు ఊరూరా తిరిగాయి. అధికారులు నమూనాలు తీసి పరీక్ష చేయించారు. ప్లాస్టిక్ లేదు, బియ్యమే అని తేలింది. మరి ముద్ద ఎగరడమేమిటి? బియ్యంలో ఉన్నది పిండి పదార్థం. ఉడికినప్పుడు అది జిగురుగా మారుతుంది. గట్టిగా పిసికితే లోపలి గాలితో పాటు బిగుసుకుని సాగే గుణం వస్తుంది. మంచి బియ్యం వండి మీరే ముద్ద చేసి చూడండి, అదీ ఎగురుతుంది.

ఆ భయం అక్కడితో చావలేదు. రేషను బియ్యంలో పోషకాలు కలిపిన గింజలు రావడం మొదలైనప్పుడు మళ్లీ లేచింది. చెరగడానికి కూర్చున్న ఆడవాళ్లు, మిగతా వాటికన్నా తేడాగా కనిపించే గింజలు ఏరి, ఇవిగో ప్లాస్టిక్ అని చూపించారు. వాళ్ల కన్ను తప్పు కాదు. గింజ నిజంగానే వేరు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ కలిపి, యంత్రంలో వత్తి, మళ్లీ గింజ ఆకారం ఇస్తారు. వంద గింజలకు ఒకటి చొప్పున మామూలు బియ్యంలో కలుపుతారు. రక్తహీనత తగ్గించాలని 2021 ఆగస్టు 15న ప్రధానమంత్రి ప్రకటించిన పథకం అది. తప్పు ఎక్కడ జరిగిందంటే, ఆ గింజ ఏమిటో చెప్పకుండా సంచి ఇంటికి పంపడంలో. చెప్పనిచోట భయం పుట్టడం సహజం. అసలు అడగవలసిన ప్రశ్న ఇంకొకటుంది. ఇంట్లో తలసేమియా, సికిల్ సెల్ లాంటి రక్తజబ్బులు ఉన్నవాళ్లుంటే ఈ అదనపు ఇనుము వాళ్లకు పడుతుందా అని వైద్యుణ్ణి అడగాలి. ప్లాస్టిక్ గొడవలో ఆ ప్రశ్న కొట్టుకుపోయింది. లేని ప్రమాదాన్ని పట్టుకుని కూర్చుంటే అడగవలసినది మరిచిపోతాం.

అయితే, పట్టికలో ఉన్నవన్నీ కళ్లు మూసుకుని తినమని నేను చెప్పడం లేదు. ఒక పదార్థం ఎంతవరకు తినొచ్చో ఎలా తేలుస్తారో చెప్తాను, మీరే తూచుకోండి.

ఐక్యరాజ్యసమితికి చెందిన ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి పెట్టిన నిపుణుల సంఘం ఒకటి 1956 నుంచీ ఈ పని చేస్తోంది. ఒక రంగునో, నిల్వ ఉంచే మందునో ఎలుకల్లాంటి జంతువులకు రకరకాల మోతాదుల్లో చాలాకాలం పెడతారు. ఏ మోతాదు దగ్గర ఏ హానీ కనిపించలేదో చూస్తారు. ఆ మోతాదును మామూలుగా వందతో భాగిస్తారు. ఎలుకకూ మనిషికీ తేడా ఉంటుంది కాబట్టి పదో వంతుకు తగ్గిస్తారు. మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది, చంటిపిల్ల ఉంటుంది, ముసలి ప్రాణం ఉంటుంది కాబట్టి దాన్ని మళ్లీ పదో వంతుకు తగ్గిస్తారు. అలా మిగిలినదాన్ని, జీవితాంతం రోజూ తిన్నా ఫరవాలేని మోతాదు అంటారు. మనిషి బరువు కిలోకు ఇన్ని మిల్లీగ్రాములు అని లెక్క కడతారు.

మన దేశంలో ఆహారంలో వాడటానికి అనుమతి ఉన్న కృత్రిమ రంగులు ఎనిమిదే. వాటిని కూడా కొన్ని రకాల పదార్థాల్లోనే వాడాలి. చాలావాటిలో కిలో పదార్థానికి 100 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం, కాగితం అక్కరలేదు.

టార్ట్రజిన్ అనే పసుపు రంగుకు నిపుణులు పెట్టిన హద్దు, మనిషి బరువు కిలోకు రోజుకు 10 మిల్లీగ్రాములు. పదిహేను కిలోల పిల్లకు 150 మిల్లీగ్రాములు. కిలోకు 100 మిల్లీగ్రాముల రంగున్న మిఠాయిలో అంత రంగు కావాలంటే ఆ పిల్ల కిలోన్నర తినాలి. ఏ పిల్లా తినదు. సరే, ఎరిత్రోసిన్ అనే చెర్రీ ఎరుపు రంగు సంగతి చూద్దాం. దానికి హద్దు కిలో బరువుకు 0.1 మిల్లీగ్రాము మాత్రమే. అంటే ఆ పసుపు రంగులో నూరో వంతు. అదే పిల్లకు రోజుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు. అంత రంగు ఎంత మిఠాయిలో ఉంటుంది? పదిహేను గ్రాముల్లో. రెండు బొటనవేళ్లంత ముక్క. రెండు మిఠాయిలూ చట్టప్రకారం తయారైనవే. కానీ ఒకటి ఎంత తిన్నా హద్దు చేరదు, ఇంకొకటి నోట్లో వేసుకోగానే చేరుతుంది.

ఒక్కరోజు హద్దు దాటితే పిల్ల పడిపోతుందని భయపడకండి. ఆ హద్దు జీవితాంతపు లెక్క. కానీ రోజూ బడి ముందు బండి దగ్గర ఎర్రటి మిఠాయి కొనుక్కునే పిల్లకు ఇది ఊహాగానం కాదు. హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఈ సంగతినే పట్టుకుని పరిశీలించారు. నగరంలో పిల్లలు ఏ రంగు తిండి ఎంత తింటున్నారో ఇంటింటా లెక్క తీశారు. 2004లో అచ్చయిన ఆ అధ్యయనంలో, కొంతమంది పిల్లలు టార్ట్రజిన్, సన్‌సెట్ ఎల్లో, ఎరిత్రోసిన్ రంగులను హద్దు మించి తింటున్నారని తేలింది. ఇందాక టార్ట్రజిన్ హద్దు ఏ పిల్లా చేరదని లెక్కగట్టాం. మరి వాళ్లెలా చేరారు? కాగితం మీది లెక్కలో కిలోకు 100 మిల్లీగ్రాములే ఉంటుంది. బండి మీద రంగు వేసేవాడి చేతిలో తక్కెడ ఉండదు, చిటికె ఉంటుంది. ఎంత గాఢంగా ఉంటే అంత బాగా అమ్ముడుపోతుందని ఆ చిటికె పెద్దదవుతుంది.

భయపడినవాళ్లు అన్నిసార్లూ తప్పు కాదని కూడా చెప్పాలి. 2007లో ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంవాళ్లు ఆరు రంగులు, సోడియం బెంజోయేటు కలిపిన పానీయం పిల్లలకు ఇచ్చి చూస్తే, కొందరిలో నిలకడ తగ్గింది, దుడుకుతనం పెరిగింది. దాంతో 2010 నుంచి ఐరోపా దేశాల్లో ఆ ఆరు రంగులు వేసిన పొట్లాల మీద పిల్లల చురుకుదనం మీద, ఏకాగ్రత మీద చెడు ప్రభావం ఉండవచ్చని రాయాల్సి వస్తోంది. మన దేశంలో 2016 మే నెలలో, ఢిల్లీలోని సైన్స్ పర్యావరణ కేంద్రంవాళ్లు బ్రెడ్డు, పావు, పిజ్జా లాంటి 38 నమూనాలు పరీక్షిస్తే 84 శాతంలో పొటాషియం బ్రోమేటుగానీ, అయోడేటుగానీ బయటపడింది. బ్రోమేటు పిండి బాగా పొంగడానికి వేసేది. అది అప్పటిదాకా అనుమతి ఉన్న పదార్థమే. చాలా దేశాలు ఎప్పుడో మానేశాయి. నెల తిరక్కుండానే జూన్‌లో మన దేశంలోనూ దాన్ని నిషేధించారు. అడిగినవాళ్లు ఉండబట్టి, చేతిలో లెక్క ఉండబట్టి ఆ మార్పు వచ్చింది.

ఇప్పుడు నేను అసలు మాట దగ్గరికి వస్తున్నాను. పొట్లం మీద రాసి ఉన్నదాన్ని చూసి మనం భయపడతాం. ఎక్కడా రాసి లేనిదాన్ని ధైర్యంగా తింటాం.

సంత చివర ఆ పీచు మిఠాయి సంగతి చూడండి. 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరిలో, తమిళనాడులో పీచు మిఠాయి అమ్మకాన్ని ఆపేశారు. పరీక్షల్లో అందులో రోడమిన్ బి దొరికింది. అది బట్టలకు, కాగితానికి వేసే అద్దకపు రంగు. ఆ ఎనిమిది రంగుల జాబితాలో దానికి చోటు లేదు. ఏ మోతాదులోనూ దాన్ని తిండిలో వేయకూడదు. మెరిసే గులాబీ రంగు తక్కువ ఖర్చులో వస్తుందని వేస్తారు. దాని మీద నంబరు ఉండదు, పొట్లం మీద అక్షరం ఉండదు. ఫోనులో భయపెట్టే సందేశం కూడా దాని గురించి రాదు.

మన పాలమూరు గడ్డ మీద పుట్టినవాళ్లకు కల్లు సంగతి ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఈత చెట్టు, తాటి చెట్టు ఇచ్చే కల్లు వేరు. చెట్టు మొహం చూడకుండా క్లోరల్ హైడ్రేటు, డయాజెపామ్, ఆల్‌ప్రజోలామ్ లాంటి మత్తుమందులు కలిపి చేసిన కల్లు వేరు. 2015లో ఆ కలిపే మందు అందక, తాగే అలవాటున్నవాళ్లు వణికిపోతూ, మతి తప్పి, ఆస్పత్రులకు చేరిన రోజులు పాలమూరు జిల్లా చూసింది. కూలి చేసి అలసి వచ్చినవాడు అది మందు నీళ్లని తెలిసి తాగలేదు. కల్లు అనే నమ్మాడు. ఆ నమ్మకాన్ని దోచుకున్నారు.

కొల్లాపూర్ మామిడి పేరు వింటే నోరూరని మనిషి ఉండడు. కాయను తొందరగా పండించాలని కాల్షియం కార్బైడు పొట్లాలు పెట్టేవాళ్లు ఉన్నారు. గాలిలోని తేమ తగలగానే కార్బైడు నుంచి ఎసిటిలిన్ వాయువు వస్తుంది. దాంతో పాటు పారిశ్రామిక కార్బైడులో కలిసి ఉండే ఆర్సెనిక్, భాస్వరపు మలినాలు కూడా బయటికొస్తాయి. అసలు ముప్పు అదే. చట్టం దాన్ని నిషేధించింది. దానికి బదులు ఇథిలిన్ వాయువును తగిన గదుల్లో, గాలిలో పది లక్షల పాళ్లకు వంద పాళ్లు మించకుండా వాడుకోవచ్చని 2016లో అనుమతి ఇచ్చారు. ఇథిలిన్ ఫ్యాక్టరీ నుంచి వచ్చినా, కాయ తనంతట తాను పండేటప్పుడు వదిలేది కూడా అదే వాయువు. రెండూ రసాయనాలే. ఒకటి కాయకు చుట్టం, ఒకటి దొంగ. రసాయనం అనే ఒక్క మాటతో రెండిటినీ ఒక తాటికి కడితే ఎవరికి మేలు? దొంగకే.

ఇంకా లోతుకు పోతే మన చేలోకే వస్తాం. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ ప్రాంతం పల్లికి పేరుపడ్డ నేల. కొన్ని ఊళ్లలో బుడ్డలంటాం, కొన్ని ఊళ్లలో పల్లికాయ అంటాం. ఆ కాయను తడిగా ఉండగానే కుప్ప పోసినా, కోతకు ముందు చేను నీళ్లు లేక వాడినా, ఆస్పర్‌జిల్లస్ అనే బూజు పడుతుంది. ఆ బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. ఏ ఫ్యాక్టరీ కలిపిందీ కాదు, ఏ వ్యాపారి కలిపిందీ కాదు. కాలేయానికి క్యాన్సర్ తెచ్చే గుణం దానికి ఉందని ప్రపంచమంతా ఒప్పుకున్న విషం అది. వేయించినా, ఉడికించినా పూర్తిగా పోదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన గ్రామాల్లో, వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని 397 మంది జబ్బు పడ్డారు. 106 మంది చనిపోయారు. దాని గుట్టు విప్పినవాళ్లు కూడా మన తార్నాక సంస్థవాళ్లే. ఆ తిండికి ప్రకృతి సిద్ధం అన్న పేరు పూర్తిగా తగుతుంది.

ఈ బూజుకూ మన సంతలోని ఆవుకూ సంబంధం ఉంది. నూనె తీసిన పల్లిచెక్కలో ఆ విషం మిగులుతుంది. ఆ చెక్క ఆవు తింటే, కొంత భాగం రూపం మార్చుకుని పాలలోకి వస్తుంది. పాలలో యూరియా, పాలలో డిటర్జెంటు అని మనం ఎన్ని వీడియోలు చూశాం! ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018లో దేశమంతటా 6,432 పాల నమూనాలు తీసి పరీక్షించి, 2019లో లెక్కలు బయటపెట్టింది. యూరియా, డిటర్జెంటు, హైడ్రోజన్ పెరాక్సైడు లాంటి కల్తీతో ప్రమాదకరంగా తేలినవి 12. అఫ్లాటాక్సిన్ హద్దు మించి దొరికినవి 368. మనం వెతికిన దొంగ పన్నెండు చోట్ల ఉంటే, మనం పేరైనా వినని దొంగ మూడు వందల అరవై ఎనిమిది చోట్ల ఉన్నాడు. ఆ పన్నెండులో తొమ్మిది మన తెలంగాణవని కూడా చెప్పాలి. తక్కువే కదా అని వాటిని వదిలేయమని నేననను. ఏది ఎంత ఉందో తెలిస్తే, దేనికెంత జాగ్రత్తపడాలో తెలుస్తుందని చెప్తున్నాను.

మరి మనమేం చేయాలి? సంతలో ఎద్దును చూసే పద్ధతినే పొట్లానికి పట్టిద్దాం.

మొదటిది, పళ్లు చూడటం. పొట్లం వెనక్కి తిప్పండి. చిన్న అక్షరాలే పొట్లానికి పళ్లు. ఏ పదార్థం ఎక్కువ ఉందో అది ముందు రాయాలని నియమం. చక్కెర, నూనె, ఉప్పు ముందు వరసలో కనిపిస్తే, వాటికి భయపడాలి, తర్వాతే నంబర్లకు. రోజు మొత్తానికి మనిషికి ఐదు గ్రాములు మించి ఉప్పు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే ఒక చెంచా. కృత్రిమ రంగు వేస్తే వేసినట్టు రాయాలి. పద్నాలుగు అంకెల లైసెన్సు నంబరు ఉండాలి. చదువు రాని పెద్దవాళ్లుంటే బడికి పోయే మనవరాలితో చదివించండి. ఆ పిల్లకు అంతకు మించిన పాఠం ఉండదు.

రెండోది, నడిపించి చూడటం. ఇంట్లోనే కొంత చూడొచ్చు. గాజు గ్లాసులో నీళ్లు పోసి, పైన చిటికెడు కారం చల్లండి. వెంటనే ఎర్రటి చారలు కిందికి దిగితే అందులో కలిపిన రంగు ఉందని అనుమానించాలి. కారంలో, పసుపులో, పప్పుల్లో కృత్రిమ రంగు వేయడానికి చట్టంలో అనుమతే లేదు. పల్లికాయ విషయంలో ఇంకా సులువు. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు పట్టినవి ఏరి పారేయండి. కడిగి, వేయించి వాడేద్దామని చూడకండి. పశువులకూ పెట్టకండి. రైతులు కాయను గలగల మోగేదాకా ఎండబెట్టి, నేలకు తగలకుండా బల్లల మీద నిల్వ చేస్తే సగం యుద్ధం గెలిచినట్టే.

మూడోది, అనుమానం వస్తే పెద్దల ముందు పెట్టడం. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో వచ్చింది. దాని 40వ సెక్షన్ ప్రకారం, కొన్నవాడు ఎవరైనా సరే, పరీక్ష చేయిస్తానని కొనేటప్పుడే అమ్మేవాడికి చెప్పి, రుసుము కట్టి, ఆ పదార్థాన్ని పరీక్ష చేయించుకోవచ్చు. తేడా ఉందని తేలితే కట్టిన డబ్బు తిరిగి ఇవ్వాలి. ఫోనులో పదిమందికి పంపే శ్రమలో పదోవంతు ఆహార భద్రతాధికారికి ఒక ఫిర్యాదు రాయడానికి పెడితే ఊరికి మేలు జరుగుతుంది. అయితే ప్రభుత్వం వైపు నుంచి కావలసింది కూడా అడగాలి. రాష్ట్ర ఆహార ప్రయోగశాల హైదరాబాదు నాచారంలో ఉంది. అంత దూరం అందరూ పోలేరు కాబట్టి సంతలకు, జాతరలకు పరీక్ష చేసే బండి రావాలి. శ్రీరంగాపురం జాతరకు, బీచుపల్లికి, పెబ్బేరు సంతకు అది వచ్చి నిలబడితే, బండివాడి చిటికె తనంతట తానే చిన్నదవుతుంది.

ఇక మనవైపు మాట. బండివాడు అంత రంగు ఎందుకు వేస్తున్నాడు? మనం రంగు చూసి కొంటున్నాం కాబట్టి. నల్లబెల్లం కన్నా పసుపుపచ్చ బెల్లం కావాలంటాం. పప్పు నిగనిగలాడాలంటాం. జిలేబీ ఎర్రగా మెరవాలంటాం. మామిడి ఉగాదికే పండాలంటాం. ఇవన్నీ కొమ్ముల రంగులే. చిన్న వ్యాపారి మీద నాకు కోపం లేదు. ఎండలో రోజంతా నిలబడి పిల్లల కోసం నాలుగు రూపాయలు సంపాదించుకునే మనిషి అతను. తాను వేసేది అద్దకపు రంగని అతనికీ ఎవరూ చెప్పి ఉండరు. ఆ డబ్బా అమ్మిన పెద్ద దుకాణదారుకు మాత్రం తెలుసు. చట్టం చేయి ముందు అక్కడికి చేరాలి.

పశువుల బేరం మీరు చూసే ఉంటారు. కొనేవాడూ అమ్మేవాడూ తువ్వాల కింద చేతులు పెట్టి, వేళ్లు పట్టి ధర మాట్లాడుకుంటారు. ధర గుట్టుగా ఉన్నా నష్టం లేదు. కానీ ఎద్దును మాత్రం తువ్వాల కింద దాచి అమ్మరు. దాన్ని వెలుగులో నిలబెట్టాల్సిందే. తిండి కూడా అలాగే వెలుగులో నిలబడాలి. ఏం కలిపావో చెప్పు, ఎంత కలిపావో చెప్పు, ఎవరు పరీక్షించారో చెప్పు. ఈ మూడు ప్రశ్నలకు జవాబు ఉన్న పదార్థానికి ఫ్యాక్టరీలో పుట్టిందని భయపడక్కరలేదు. జవాబు లేని పదార్థం చెట్టు మీద పుట్టిందన్నా, చేలో పుట్టిందన్నా నమ్మక్కరలేదు.

వచ్చే శనివారం మీరు సంతకు పోతారు. పని చూసుకుని తిరిగొచ్చేటప్పుడు మీ చేయి పట్టుకున్న పిల్ల గులాబీ రంగు పొట్లం వైపు వేలు చూపిస్తుంది. పిల్లను కసురుకోకండి, బండివాడినీ తిట్టకండి. కాసేపు ఆగి, మెల్లగా అడగండి. "దీంట్ల ఏం రంగు ఏసినవ్ బిడ్డా? డబ్బా ఒకసారి చూపియ్యి." డబ్బా తీసి చూపించినవాడి దగ్గర కొనండి.